ప్యాచ్ మెర్జ్ అయ్యేదాకా ఆగాలా, ఫోర్క్ చేసుకోవాలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. ప్రింటు తీస్తే ‘మిర్చి’లో చ వత్తు విడిపోయి పక్కన పడేది. తప్పు నేను వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే రెడీమేడ్ కోడ్‌లో) ఉంది. దాన్ని సరిచేసే నాలుగు లైన్ల ప్యాచ్ (కోడ్ సవరణ) లైబ్రరీ నిర్వాహకులకు పంపాను, మూడు నెలలైనా ఎవరూ చూడలేదు.

ఆగితే: ఖర్చు లేదు. ప్యాచ్ ఒకసారి అసలు లైబ్రరీలో కలిస్తే (మెర్జ్ అయితే) తెలుగువాళ్లందరికీ పనికొస్తుంది. చూసేవాళ్లు ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చునేవాళ్లు. సవరణ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్ట్ కూడా రాసి పంపితే వాళ్లకి పని తగ్గుతుంది. తొందరపెట్టడం మాత్రం తప్పు. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన దొంగదారి (బ్యాక్‌డోర్), అలసిపోయిన నిర్వాహకుడి మీద ఒత్తిడి తెచ్చి దూర్చిందే.

ఫోర్క్ చేస్తే (లైబ్రరీకి సొంత కాపీ తీసుకుని అందులోనే మార్చుకుంటే): ఇవాళే బిల్లు సరిగ్గా వస్తుంది. కానీ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ప్యాచ్ మళ్లీ అతికించాలి. సెక్యూరిటీ అప్‌డేట్ ఒక్కటి మరిచినా ముప్పు మనదే.

సీజన్‌లో కొట్టు ఆగదు కాబట్టి నేను ఫోర్క్‌తో నడిపాను, పంపిన ప్యాచ్‌ని అలాగే ఉంచాను. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ఫోర్క్. గడువు లేని సొంత ప్రాజెక్టయితే ఆగడమే మేలు.