క్వాలా కంగ్సార్‌కి రైలా, బస్సా?

మలేషియాలో పేరాక్ రాష్ట్రం సుల్తాన్ల ఊరు క్వాలా కంగ్సార్, చిన్నదే కానీ చూడాల్సిందే. కౌలాలంపూర్ నుంచి వెళ్లాలంటే నా ఓటు ఈటీఎస్ అనే కరెంటు రైలుకే. మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరే) అని తీసిపారేయకండి, కరెంటు డబుల్ లైను, గంటకి 140 కిలోమీటర్ల దాకా కొడుతుంది, కౌలాలంపూర్ పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో ఎక్కితే మూడు గంటలు అటూ ఇటూ, ట్రాఫిక్ గొడవే లేదు. కాకపోతే పండగ టైంలో టికెట్లు ముందే అయిపోతాయి, పైగా స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, లగేజీతో నడవాలంటే ఆ ఎండకి చుక్కలు కనిపిస్తాయి.

బస్సైతే ఊరి నడిబొడ్డునే దింపేస్తుంది, అదొక్కటే దాని ప్లస్సు. హైవే జామైతే ఇంక అంతే సంగతులు.

దిగాక 1917లో పూర్తయిన ఉబూదియా మసీదు బంగారు గుమ్మటం ఎలాగూ చూస్తారు, 1877లో నాటిన రబ్బరు చెట్టు కూడా ఒకటి ఇంకా ఉంది, అదీ చూడండి, మనవాళ్లెందరో మలయా ఎస్టేట్లకి వెళ్లింది ఆ రబ్బరు కోసమే కదా. సొరబుర్రలా ఉండే నల్లమట్టి కూజా, లాబు సాయోంగ్, కొన్నారంటే మాత్రం తిరుగు ప్రయాణం రైల్లోనే, ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు.