ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ సైటు: భూతకాలపు ‘ఈడీ’ పలకడానికి ఎంత పనికొస్తుంది?

ఇంగ్లీషు క్రియ చివర ఈ, డీ అక్షరాలు చేరిస్తే భూతకాలం అవుతుందని బడిపిల్లలకూ తెలుసు. ఆ రెండక్షరాలను మూడు రకాలుగా పలకాలన్న సంగతి డిగ్రీ చేతికొచ్చాక కూడా చాలామంది దాకా చేరదు. ఈ ఒక్క అవసరం కోసమే ఈ సైటును పరిశీలించాం. 1948లో ఆక్స్‌ఫర్డ్ తొలిసారి అచ్చు వేసిన హార్న్‌బీ కూర్చిన నిఘంటువు వారసత్వం దీనిది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసమే పుట్టిన నిఘంటువు కాబట్టి మన తడబాట్లకు ఇందులో చోటుంది. పదాలు వెతకడానికీ వినడానికీ పైసా కట్టక్కర్లేదు.

‘వాక్’ అని కొట్టి, నామవాచకం కాకుండా క్రియ ఉన్న పేజీ తెరవండి. పదం కింద ‘వెర్బ్ ఫామ్స్’ అన్న చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని నొక్కితే విచ్చుకుంటుంది. అందులో ‘పాస్ట్ సింపుల్’ వరుసలో రెండు స్పీకర్ గుర్తులుంటాయి. నీలం బ్రిటిష్ ఉచ్చారణ, ఎరుపు అమెరికన్. చాలా నిఘంటువులు మూలరూపాన్ని మాత్రమే పలికి ఊరుకుంటాయి. ఇక్కడ ప్రతి రూపానికీ విడిగా గొంతు ఉంది. మేం ఈ సైటును సిఫారసు చేసేది ముఖ్యంగా ఈ పెట్టె కోసమే.

అయితే ఏం వినాలో తెలియకపోతే వందసార్లు నొక్కినా లాభం లేదు. సూత్రం తెలుగు వ్యాకరణంలోని మాటల్తోనే చెప్పుకోవచ్చు. క్రియ చివర పలికే శబ్దం క్, ప్, చ్ లాంటి పరుషమైనా, స్, ష్, ఫ్ అయినా ‘ట్’ వస్తుంది: వాక్ట్, స్టాప్ట్, వాచ్ట్, లాఫ్ట్. గ్, బ్, జ్, న్, మ్, ల్, వ్ గానీ అచ్చు గానీ అయితే ‘డ్’: ప్లాన్డ్, కాల్డ్, ప్లేడ్. అప్పటికే ట్ లేదా డ్ ఉంటే మాత్రమే ‘ఇడ్’ అనే అదనపు అక్షరం (రాసే అక్షరం కాదు, పలికే సిలబుల్) పలుకుతుంది: వాంటిడ్, డిసైడిడ్. చూడాల్సింది స్పెల్లింగు కాదు, శబ్దం. డాన్స్, ప్రామిస్ చివర స్ కాబట్టి ట్. అడ్వైజ్, క్లోజ్ చివర నాదం, అంటే గొంతు అదురు, ఉంది కాబట్టి డ్. అనుమానమొస్తే గొంతు మీద వేలు పెట్టి చివరి శబ్దాన్ని సాగదీయండి, అదిరితే డ్.

మనకు ఇది ఎందుకు కష్టమంటే, మన చెవికి అలవాటైన సంధి దీనికి ఎదురు నడుస్తుంది. వాక్ + దానం వాగ్దానం అవుతుంది. వెనకొచ్చే ద ముందున్న క్‌ను మార్చేస్తుంది. ఇంగ్లీషులో ముందున్న క్ గెలిచి, వెనకొచ్చే డ్‌ను ట్ చేస్తుంది. అందుకే మనం డ్‌ను గట్టిగా పట్టుకుంటే ముందున్న క్ కాస్తా గ్ వైపు జారి, ‘బ్యాక్ట్’ అన్నది ‘బ్యాగ్డ్’లా వినిపిస్తుంది. బ్యాంకులో రోజూ వినే ‘ఫిక్స్‌డ్’ కూడా నిజానికి ఫిక్స్ట్. రెండో అలవాటు, హల్లు మీద ఆగలేక ఉకారం తగిలించడం. రోడ్డు, బస్సు, లైటు అన్నట్టే ‘ప్లేడు’, ‘కాల్డు’ అనేస్తాం. ‘వాకెడ్’ అనడం ఇంతకన్నా పెద్ద తప్పు, ఒక అక్షరం పదం రెండక్షరాలవుతుంది. పెట్టెలో శబ్దం వింటూ వేళ్లతో అక్షరాలు లెక్కపెట్టండి. ఆస్క్ట్ ఒకటే, విజిటిడ్ మూడు.

విశేషణాల దగ్గర సైటు ఇంకా బాగా ఆదుకుంటుంది. ‘లెర్న్డ్’ క్రియగా ఒక అక్షరం, పండితుడన్న అర్థంలో ‘లెర్నిడ్’. ‘బ్లెస్ట్’ క్రియ, ‘బ్లెసిడ్’ విశేషణం. నేకిడ్, వికిడ్, రగిడ్ సూత్రానికి లొంగవు. ‘యూజ్డ్’ అంటే వాడినది, అలవాటన్న అర్థంలో అదే స్పెల్లింగు ‘యూస్ట్’. ఈ అర్థాలకు వేర్వేరు ఉచ్చారణలు ఇచ్చారు, కాబట్టి పేజీలో పదం ఏ భాషాభాగమో, ఏ అర్థమో చూడకుండా స్పీకరు నొక్కకండి.

లోపాలూ ఉన్నాయి. ఈ పెట్టె వినిపిస్తుంది తప్ప మనం పలికింది వినదు. ఫోన్ రికార్డరులో మన గొంతు పట్టి, రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టి పోల్చుకోవాలి. రోజుకు పన్నెండు క్రియలు, ఒక్కో రకానికి నాలుగు, చాలు. అసలు కొరత ఏమిటంటే పెట్టెలో పదం ఒంటరిగా ఉంటుంది, చివరి ట్ స్పష్టంగా విడిపోతుంది. మాటల్లో అలా ఉండదు. ‘స్టాప్ట్ టాకింగ్’లో రెండు ట్‌లు విడివిడిగా పేలవు, నాలుకను ఒకసారి ఆపి వదిలితే సరి.

ఈ కొరతకు యూగ్లిష్ అనే సైటును తోడు పెట్టుకోండి. మాటలు కొడితే అవి దొర్లిన యూట్యూబ్ వీడియోలు సరిగ్గా అక్కడినుంచి మొదలవుతాయి. వేగం తగ్గించవచ్చు, కొన్ని సెకన్లు వెనక్కి జరపవచ్చు. ఒక్క పదం కాకుండా ‘వాక్ట్ ఇన్’, ‘లుక్ట్ ఎట్’ అని రెండేసి పదాలు వెతకండి. వెనక అచ్చు ఉంటే ట్ దాని మీదికి ఎక్కుతుంది: వాక్-టిన్, లుక్-టెట్. హల్లు వెంట అచ్చు రావడం తెలుగు నాలుకకు సుఖం, కాబట్టి సాధన ఇక్కడే మొదలుపెట్టాలి. వారం తర్వాత ఆ రెండో పదాన్ని మనసులోనే అనుకుంటూ, పైకి ‘వాక్-ట్’ దగ్గర ఆపేయండి.