రెండు డిస్కుల ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’: పాత పెట్టె కొనబోయేవారికి

ఈ సమీక్ష ఆట గురించి కాదు, ఆట వచ్చే పెట్టె గురించి. రాక్‌స్టార్ సంస్థ 2018 అక్టోబరు 26న విడుదల చేసిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అనే వీడియో గేమ్ ఎంత గొప్ప ఆటో ఈపాటికి చాలామంది చెప్పేశారు. 1899 నాటి అమెరికాలో ఆర్థర్ మోర్గాన్ అనే బందిపోటు గుర్రమెక్కి తిరిగే ఆ కథ గురించి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. అయితే ప్లేస్టేషన్ 4 (పీఎస్4) అనే ఆటల యంత్రం కోసం తయారైన కాపీ రెండు బ్లూరే డిస్కులుగా వస్తుందని, దాన్ని పాత సరుకుగా కొన్నవాళ్ళకు ఆ రెండో డిస్కు ఎంత పని పెడుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు కనుక, విజయనగరంలో దసరా వారంలో తొమ్మిది వందల రూపాయలకు కొని, సంక్రాంతి దాటేదాకా దానితో కుస్తీ పట్టినవాడిగా ఇది రాస్తున్నాను. ఆటకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. పెట్టెకు రెండు ఇవ్వడానికి కూడా చెయ్యి రావడం లేదు.

రెండు డిస్కుల్లో ఒకదాని మీద ‘డేటా డిస్క్’ అని, రెండోదాని మీద ‘ప్లే డిస్క్’ అని రాసి ఉంటుంది. మొదట డేటా డిస్కు పెడితే అందులోని సరుకంతా హార్డ్‌డిస్కులోకి ఎక్కుతుంది. తరువాత యంత్రం ప్లే డిస్కు అడుగుతుంది. అది కూడా ఎక్కిన తరువాత, ఆట మొత్తం హార్డ్‌డిస్కులోనే ఉన్నా సరే, ఆడిన ప్రతిసారీ ప్లే డిస్కు లోపల ఉండి తీరాలి. అంటే ప్లే డిస్కు ఇంటి తాళంచెవి వంటిది. డేటా డిస్కుకు మాత్రం ఆ ఒక్క పూటే మర్యాద. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. అవసరం తీరిన వస్తువును ఎవరూ జాగ్రత్త చేయరు, ఈ పెట్టెతో వచ్చే చిక్కులన్నిటికీ మూలం అదే.

ఒక ఆట ఇన్ని డిస్కులు కావడం ఈనాటి సంగతి కాదు. సీడీలో పట్టేది సుమారు 700 ఎంబీ మాత్రమే కాబట్టి 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ మూడు సీడీలుగా, 1999లో వచ్చిన ఎనిమిదో భాగం నాలుగు సీడీలుగా వచ్చాయి. రెండు పొరల డీవీడీలో ఎనిమిదిన్నర జీబీ పడుతుంది. అందుకే 2011లో ‘ఎల్.ఎ. న్వార్’ ఎక్స్‌బాక్స్ 360కి మూడు డీవీడీలు కాగా, అదే ఆట బ్లూరే వాడే ప్లేస్టేషన్ 3కి ఒక్క డిస్కులో సరిపోయింది. 2015లో కంప్యూటర్ కోసం వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ పెట్టెలో ఏకంగా ఏడు డీవీడీలున్నాయి. పీఎస్4 వాడే బ్లూరేలో 50 జీబీ పడుతుంది, మన ఆట దాదాపు వంద జీబీ, అందుకని రెండు. లెక్కలో తప్పేమీ లేదు. పాతకాలపు డిస్కుల మార్పులో ఒక నిజాయితీ కూడా ఉండేది: కథ సగంలోకి వచ్చాక ‘ఇక రెండో డిస్కు పెట్టండి’ అని తెర మీద వస్తే, ఒకే ప్రింటును రెండు థియేటర్ల మధ్య సైకిల్ మీద తిప్పే రోజుల్లో రీలు వచ్చేదాకా ఆగినట్టు, ఒక నిమిషం లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ కూర్చునేవాళ్ళం. అక్కడ ప్రతి డిస్కుకూ దాని వంతు కథ ఉండేది కనుక ఏదీ అనాథ కాలేదు.

నేను కొన్న దుకాణం పేరు చెప్పను. సెల్‌ఫోన్ కవర్లు, సీసీ కెమెరాలతో పాటు ఒక గాజు అర నిండా పాత ఆటలు అమ్మే చిన్న కొట్టు అది. పెట్టె తెరిచి చూశాను. రెండు డిస్కులున్నాయి, ఆటలోని ప్రాంతమంతా గీసిన కాగితపు మ్యాపు మడత నలగకుండా ఉంది. ఆ మ్యాపు చూసిన సంతోషంలో డిస్కుల మీద రాసినది చదవలేదు. ఇంటికి వచ్చి చూస్తే రెండూ ప్లే డిస్కులే. ఏది పెట్టినా యంత్రం డేటా డిస్కు పెట్టమంటుంది, నా దగ్గర ఉన్నవి రెండు తాళంచెవులు, ఇల్లు లేదు. మర్నాడు వెళ్తే కొట్టు మూసి ఉంది; ఆ మంగళవారమే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గరే ఉంది, కనుక కొట్టువాణ్ణి తప్పు పట్టలేను. గురువారం తలుపు తెరిచాడు. సంగతి చెప్పగానే అతను ఆశ్చర్యపోలేదు.

“చాలామందికి ఆ మొదటి డిస్కుతో పనే ఉండదు సార్. ఒకసారి ఎక్కించేసుకుంటారు, మళ్ళీ అమ్మడానికి తెచ్చినప్పుడు ఇంట్లో ఎక్కడుందో తెలీదంటారు” అని, బల్ల కింద నుంచి ఖాళీ సీడీలు అమ్మే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పైకి తీశాడు. నడుమ ఉన్న పుల్లకు అట్లు పేర్చినట్టు డిస్కులు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉన్నాయి. వాటిలో నాకు కావలసినది కింద నుంచి నాలుగోది. పైవన్నీ గిర్రున తిప్పుతూ, ఒకదానికొకటి రాసుకుంటూ ఉండగా దాన్ని లాగి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

ఆ తుడుపు దగ్గరే నాకు భయం వేసింది. ఆ డిస్కు పెట్టి గంటసేపు చూశాను. ఎంతవరకు ఎక్కిందో తెర మీద చూపే గీత సగానికి పైగా నిండాక కదలడం మానేసింది, కాసేపటికి డిస్కు చదవలేకపోతున్నానని యంత్రం చేతులెత్తేసింది. సీడీల కాలంలో గీత పడితే కొందరు పళ్ళపేస్టు రాసి రుద్దేవారు, అది కొంతమేరకు పనిచేసేది కూడా. ఎందుకంటే సీడీలో సమాచారం ఉన్న పొరకూ, లేజరు తగిలే ముఖానికీ మధ్య దాదాపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది, పైపైన అరిగినా లోపలి పొరకు దెబ్బ తగలదు. డీవీడీలో ఆ దూరం 0.6 మిల్లీమీటర్లు. బ్లూరేలో అది 0.1 మిల్లీమీటరు. దానికి రక్షణగా పైన గట్టి పూత ఉంటుంది కాబట్టి చిన్న చిన్న గీతలకు అది లొంగదు గానీ, ఆ పూత దాటి లోతుగా పడిన గీతను రుద్ది పోగొడదామంటే గీతతో పాటు డిస్కే పోతుంది. కనుక పేస్టు జోలికి పోవద్దు. మెత్తటి నూలుగుడ్డను కాస్త తడిపి, గుండ్రంగా కాకుండా నడుమ నుంచి అంచు వైపుగా నెమ్మదిగా తుడిచాను. ఏదో జిడ్డు మరక వదిలింది. రెండోసారి తెర మీది గీత చివరిదాకా నిండేసరికి రాత్రి పదకొండు దాటింది.

ఇంత కష్టం ఎందుకు, నెట్ నుంచి దించుకోవచ్చు కదా అని అడిగేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. సెకనుకు 40 మెగాబిట్ల వేగం ఎక్కడా తగ్గకుండా వచ్చినా వంద జీబీ దిగడానికి ఐదున్నర గంటలు పడుతుంది. మా వీధిలో ఆ వేగం కాగితం మీదే ఎక్కువగా కనిపిస్తుంది, మధ్యలో కరెంటు పోవడం సరేసరి. అయినా దించుకున్న ఆటలో డిస్కు వెతుక్కునే పని లేదన్నది ఒప్పుకోవాలి. కాకపోతే దాన్ని తిరిగి అమ్ముకోలేం, పక్కింటివాడికి ఇవ్వలేం. తొమ్మిది వందలకు కొని, కథ ముగిశాక ఏడు వందలకు అమ్ముకోగల వస్తువు నాకు ఇప్పటికీ లాభమే. అందువల్లనే ఈ పెట్టెను కొనవద్దని చెప్పడం లేదు.

అసలు ఇబ్బంది తరువాత వస్తుంది. నా పీఎస్4లో ఉన్నది 500 జీబీ హార్డ్‌డిస్కు. అందులో యంత్రం తన అవసరానికి ఉంచుకున్నది పోగా, ఇలాంటి ఆటలు రెండు మూడు చేరితే ఇక చోటు ఉండదు. డిసెంబరులో మరో ఆట కోసం దీన్ని తీసేయవలసి వచ్చింది, మళ్ళీ ఆడాలనిపించినప్పుడు డేటా డిస్కుతో మొదటి నుంచి గంటకు పైగా పని. ఒక్కసారి వాడి అటక మీద పడేయవచ్చనుకున్న డిస్కు చిన్న హార్డ్‌డిస్కు ఉన్నవాడికి ఏడాదికి రెండు మూడు సార్లు పనిపడుతుంది.

కొనేవారు కొట్టులోనే రెండు డిస్కులనూ చేతిలోకి తీసుకుని, ‘డేటా’, ‘ప్లే’ అన్న మాటలు విడివిడిగా చదవాలి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి, ముఖ్యంగా డేటా డిస్కును, ఎందుకంటే నిర్లక్ష్యానికి గురైనది అదే. వీలైతే కొట్టులోని యంత్రంలో పెట్టించి ఎక్కడం మొదలయ్యేదాకా చూడాలి. మొదలైతే చివరిదాకా ఎక్కుతుందన్న హామీ లేదని నా అనుభవమే చెబుతోంది గానీ, తప్పు డిస్కు అయితే అక్కడే తెలిసిపోతుంది. 2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ కూడా ఇదే పద్ధతిలో రెండు డిస్కులు. డిస్కుకు 100 జీబీ దాకా పట్టే పీఎస్5 వచ్చాక ఈ బెడద తీరిందనుకుంటే, 2024లో ‘ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్’ మళ్ళీ రెండు డిస్కులతో వచ్చింది; పైగా ఆసియాలో అమ్మిన కొన్ని ప్రతుల మీద డేటా డిస్కు పేరు ప్లే డిస్కు మీద, దాని పేరు దీని మీద అచ్చయ్యాయి. చదివి కొనమన్న నా సలహా అక్కడ చెల్లదు.

సంక్రాంతికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనల్లుడు తిరిగి వెళ్తూ, “మావయ్యా, ఈ ఆట నెల్లాళ్ళు ఉంచుకుంటాను” అని, యంత్రంలో ఉన్న డిస్కు తీసి పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు. యంత్రంలో ఉండేది ఎప్పుడూ ప్లే డిస్కే కదా. డేటా డిస్కు మా టీవీ బల్ల సొరుగులో ఉండిపోయింది. రాత్రికి ఫోను: “మావయ్యా, ఇది ఇంకో డిస్కు అడుగుతోంది.” నా దగ్గర ఆట ఉంది, తాళంచెవి లేదు, వాడి దగ్గర తాళంచెవి ఉంది, ఆట లేదు. మధ్యలో డెబ్బై కిలోమీటర్లు. రథసప్తమికి ఎలాగూ అరసవల్లి వెళ్తాం కాబట్టి ఆ డిస్కును కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళింట్లో దాన్ని పెట్టించి మేము వరుసలో నిలబడ్డాం. దర్శనమై తిరిగి వచ్చేసరికి ఎప్పుడో ఎక్కి కూర్చుంది. సాయంత్రం బస్సు ఎక్కే హడావిడిలో, పెట్టె నా వస్తువే కదా అని మా అక్క దాన్ని నా సంచిలో సర్దింది. ప్లే డిస్కు అందులోనే ఉందన్న సంగతి చిలకపాలెం దాటాక గుర్తుకొచ్చింది.