శ్రీకాకుళం గదిలో స్విచ్ లైట్

చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ మెషీన్ నింటెండో స్విచ్ లైట్ 2019 సెప్టెంబరులో వచ్చింది. నేను కొన్నది ఆ తర్వాత కొద్ది రోజులకే. పైడిభీమవరంలో మందుల కంపెనీ ఉద్యోగం, శ్రీకాకుళంలో అద్దె గది, ఇల్లేమో నంద్యాలలో. ఇన్నేళ్లు వాడాక ఎవరైనా ఎలా ఉందని అడిగితే, ముందుగా చెప్పేది దాని నెత్తిన ఉన్న పవర్ బటన్ గురించే.

షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఖాళీ ఒక్కసారిగా దొరకదు. కుక్కర్ విజిల్ వేసేదాకా కాసేపు, కంపెనీ బస్సు వచ్చేదాకా సందు చివర కాసేపు, నైట్ షిఫ్టు దిగొచ్చాక నిద్ర పట్టక కాసేపు. ఆ బటన్ నొక్కితే ఆట ఎక్కడికక్కడ ఆగిపోతుంది. మళ్లీ లేపి ఏదో ఒక బటన్ మూడుసార్లు నొక్కితే అక్కడి నుంచే మొదలు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటలో పొలం చేస్తుంటాం. ఆటలో రోజు ముగిసి మంచమెక్కితే తప్ప సేవ్ కాదు. ఆ రోజు మన లెక్కన 14 నిమిషాల పైచిలుకు. మడికి నీళ్లు పోస్తుండగా విజిల్ వినిపిస్తుంది. స్టవ్ కట్టేసి, అన్నం తిని, గిన్నెలు తోముకుని వచ్చి చూస్తే నా రైతు నీళ్ల డబ్బా పట్టుకుని అదే మొక్క ముందు నిలబడి ఉంటాడు. ఒంటరిగా ఉండేవాడికి ఇది ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

ఫోన్లో ఆటల్లేవా అంటారు. ఫోన్ తీస్తే ముందు షిఫ్టు గ్రూపు మెసేజీలు, తర్వాత ప్రకటనలు. పైగా రాత్రి అమ్మతో మాట్లాడటానికి చార్జింగ్ మిగలాలి కదా.

పండక్కి ఊరెళ్లాలంటే ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. పొద్దంతా రైలే. 275 గ్రాముల బరువు కాబట్టి పై బెర్తులో వెల్లకిలా పడుకుని ఆడినా చేతులు లాగవు. బ్యాటరీ ఆటను బట్టి 3 నుంచి 7 గంటలు. జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ లాంటి పెద్ద ఆటకైతే 4 గంటలే. మామూలు టైప్-సీ పవర్ బ్యాంకుతో చార్జ్ అవుతుంది, అది లేకుండా నేను బయల్దేరను. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కూడా కలుస్తున్నాయి.

"ఏటి బావూ అది, సెల్లా?" అని మా ఇంటిగల మామ్మగారు అడిగారు. సెలవులకొచ్చిన ఆవిడ మనవడు ఒక గేమ్ కార్డు, అంటే ఆట ఉండే చిన్న చిప్పు, తీసి నోట్లో పెట్టేసుకున్నాడు. పిల్లలు మింగకుండా వాటికి చేదు పూత వేస్తారు. వాడు ముఖం వికారంగా పెట్టి ఉమ్మేసి, బెల్లం ముక్క కోసం వంటింట్లోకి పరుగు తీశాడు. ఆ సెలవులన్నీ సాయంత్రం పూట వాడు నా గదిలోనే.

ఇబ్బందులూ ఉన్నాయి. 5.5 అంగుళాల తెర మీద కొన్ని ఆటల అక్షరాలు మరీ చిన్నవి, కళ్లు గుంజుతాయి. టీవీకి పెట్టుకోవడం కుదరదు. లోపలి 32 జీబీ దేనికీ చాలదు, మైక్రో ఎస్‌డీ కార్డు తప్పదు. అయితే సేవ్‌లు ఆ కార్డులోకి వెళ్లవు, మెషీన్‌లోనే ఉంటాయి. పోకూడదనుకుంటే డబ్బు కట్టే ఆన్‌లైన్ సభ్యత్వం తీసుకుని క్లౌడ్‌లో పెట్టుకోవాలి, అది కూడా అన్ని ఆటలకూ లేదు. నింటెండో దీన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు కాబట్టి బయటి నుంచి తెప్పించిన సరుకే దిక్కు, వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆటలు మాత్రం కార్డుల రూపంలోనే కొనండి, ఆడేశాక అమ్ముకోవచ్చు.

2025లో స్విచ్ 2 వచ్చింది. తెర 7.9 అంగుళాలు, బరువు రెండు పక్కలా తగిలించే జాయ్-కాన్ కంట్రోలర్లతో కలిపి అర కిలో దాటింది. పడుకుని ఆడే నాకు అది వద్దు.

వాడిన లైట్ కొంటుంటే బొటనవేలితో తిప్పే స్టిక్‌లు చూడకుండా డబ్బులివ్వకండి. అవి పాడైతే మామూలు పెద్ద స్విచ్‌లోలా జాయ్-కాన్‌లను ఊడదీసి కొత్తవి తగిలించలేం, మెషీన్ విప్పాల్సిందే. సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల విభాగంలో స్టిక్ కాలిబ్రేషన్ తెరవండి. వేలు తీసేశాక చుక్క సరిగ్గా నడిమధ్యకు వచ్చి ఆగాలి. పక్కకు జరుగుతుంటే అమ్మేవాడు ఎంత తగ్గించినా తీసుకోవద్దు.