కారు జాడకు ఏది మేలు: కంపెనీ యాప్, బయటి జీపీఎస్, చిన్న ట్యాగ్?

పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొన్నాం. మూడు వారాలయ్యాక మా చిన్నది వెనక సీట్లోంచి ముందుకొచ్చి, లోపలి అద్దం దగ్గరున్న ఎస్ఓఎస్ బటన్ నొక్కేసింది. రింగు పోయింది. "సార్, బాగానే ఉన్నారా? అంబులెన్స్ కావాలా?" అని కాల్ సెంటర్ నుంచి ఒకమ్మాయి అడిగింది. కానీ ఆమె పిలిచిన పేరు నాది కాదు, కారు మాకు అమ్మినాయనది.

ఆ సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, మీ ఫోన్‌లోని కారు కంపెనీ యాప్‌లో మా కారు ఇంకా కనిపిస్తోందా అని అడిగాను. "కనిపిస్తోందండీ. మొన్న ఆదివారం సూర్యాపేటలో గంటసేపు ఆగారు కదా, బండికేమైనా అయిందేమో అనుకున్నా" అన్నారు. మంచి మనిషి, మా మంచి కోరే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. మేం ఎప్పుడు ఇంట్లో ఉంటామో, ఎప్పుడు ఇల్లు తాళం పెట్టి వెళతామో మూడు వారాలుగా ఒక పరాయి ఫోన్‌లో పడి ఉంది.

అయినా సరే, ఆ బటన్ నాకు కావాలి. మా నాన్న నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఒక్కరే కారు నడుపుకుంటూ వెళతారు. రాత్రిపూట హైవే మీద ఏదైనా జరిగితే, దెబ్బ తగిలిన మనిషి తానెక్కడున్నాడో చెప్పలేడు. అందుకే కారు జాడ చెప్పే దారులు మూడింటినీ కూర్చుని పోల్చి చూశాను.

ముందు కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చేది. 2019లో ఎంజీ హెక్టర్, హ్యుందాయ్ వెన్యూ వచ్చాక 'కనెక్టెడ్ కారు' అన్న మాట మన షోరూముల్లో మామూలైపోయింది. కారులోనే సిమ్ ఉంటుంది. చాలా మోడళ్ళలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోగానే కాల్ దానంతటదే వెళుతుంది. కారు పోతే జాడ దొరుకుతుంది. మే నెల ఎండలో ఎక్కేముందే ఏసీ వేసుకోవడం లాంటివి సరదా సౌకర్యాలు, వాటి గురించి ఎక్కువ చెప్పను. ప్రాణానికి పనికొచ్చేది ఆ కాలే.

దీనికి వెలగా మన సమాచారం ఇస్తున్నాం. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల సంగతే చూడండి. ఎంత స్పీడులో పోయారు, ఎన్నిసార్లు సడన్ బ్రేక్ కొట్టారు, రాత్రిళ్ళు ఎంత నడిపారు అన్న వివరాలు 'స్మార్ట్ డ్రైవర్' అనే ఫీచర్ ద్వారా లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ లాంటి డేటా సంస్థలకు, అక్కడి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకు చేరాయి. 2024 మార్చిలో ఇది బయటపడింది. 2025 జనవరిలో వినియోగదారుల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అలా ఇవ్వకుండా అయిదేళ్ళ నిషేధం ప్రతిపాదించింది. ఎవరూ అమ్మకపోయినా లీకయ్యే ప్రమాదం ఉండనే ఉంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఎలక్ట్రిక్ కార్లు సుమారు 8 లక్షల వాటి సమాచారం ఇంటర్నెట్‌లో రక్షణ లేకుండా ఉందని 2024 డిసెంబరులో తేలింది. జపాన్‌లో టొయోటా కస్టమర్లు 21 లక్షలకు పైగా మంది వివరాలు 2013 నుంచి 2023 వరకు బయటివాళ్ళు చూడగలిగేలా ఉండిపోయాయి.

యూరప్‌లో ఈ ప్రమాదం కాల్‌నే వేరేగా చేశారు. 2018 మార్చి 31 నుంచి కొత్తగా అనుమతి పొందే కారు మోడళ్ళలో 'ఈ-కాల్' తప్పనిసరి. మామూలు వేళల్లో అది నిద్రపోతుంది, కారు వెంట పడదు. గట్టి ప్రమాదం జరిగినా, మనమే బటన్ నొక్కినా లేచి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేస్తుంది. చోటు, సమయం, కారు ఏ వైపు పోతోంది లాంటి నాలుగు ముక్కలు పంపిస్తుంది. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే. మన దగ్గర అమ్మే కార్లు కూడా ఇలాగే ఉండాలని గట్టిగా అడగాలి.

రెండోది బయట దొరికే జీపీఎస్ పెట్టె. చవక. డాష్‌బోర్డు వెనక వైరు కోసి కలిపేస్తారు. ఆ వైరు వల్ల వారంటీ గొడవ వస్తే మనమే పడాలి. ప్రమాదం జరిగితే పలికే మనిషి చాలావాటికి ఉండడు. కొన్ని చవక రకాలకు పాస్‌వర్డ్ 123456 అని వస్తుంది, చాలామంది మార్చరు. సర్వర్ ఎక్కడుందో అమ్మినవాడికీ తెలియదు. ట్యాక్సీల సంగతి వేరు. వాటికి ఏఐఎస్-140 అనే మన దేశపు వాహన ప్రమాణం ప్రకారం ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఎలాగూ ఉండాలి, ఎక్కే ప్రయాణికుల రక్షణకు అది అవసరం కూడా. ఇంటి కారుకు మాత్రం ఈ పెట్టె వద్దంటాను.

మూడోది యాపిల్ వాళ్ళ ఎయిర్‌ట్యాగ్ లాంటి బిళ్ళ. సిమ్ లేదు, జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఫోన్లు బ్లూటూత్‌తో దాన్ని పసిగట్టి చెబుతాయి. తిరిగిన దారుల చిట్టా రాయదు కాబట్టి ప్రైవసీకి మూడింట్లో ఇదే నయం. కానీ ఊరవతల, ఫోన్లు లేని చోట మూగబోతుంది. తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కూ హెచ్చరిక వెళ్ళొచ్చు. సిటీలోనే తిరిగే పాత కారుకు ఇది చాలు.

నేను కంపెనీదే ఉంచుకున్నాను. డ్రైవింగ్ స్కోరు తీసేశాను, సమాచారం ఇతరులకు ఇవ్వొచ్చన్న టిక్కులు తీసేశాను. స్పీడు అలర్టు మాత్రం మొదట్లో పెట్టాను. ఒకసారి అది మోగగానే నాన్నకు ఫోన్ చేశాను. ఆయన నెమ్మదిగా, "నా బాగు కోసం పెట్టావా, నా మీద నిఘాకు పెట్టావా నాన్నా?" అన్నారు. జవాబు తోచలేదు. ఆ రాత్రే ఆయన పక్కన కూర్చుని, ఏం ఉంచాలో ఆయన్నే అడిగి, ప్రమాదం కాల్ ఒక్కటీ ఉంచి మిగతావి తీసేశాను.

పాత కారు కొనేవాళ్ళకు ఒక మాట. చివరి డబ్బు ఇచ్చేముందు, అమ్మేవాళ్ళ చేత యాప్‌లోంచి కారును మీ ఎదుటే తీయించండి. డాష్‌బోర్డు స్క్రీన్‌ను రీసెట్ చేయించి, పాత ఫోన్లు, ఇంటి అడ్రసు పోయాయో లేదో చూడండి. తర్వాత మీ పేరు మీద నమోదు చేయించుకుని ఎస్ఓఎస్ బటన్ ఒకసారి నొక్కండి. అవతలివాళ్ళు పిలిచేది మీ పేరేనా, వినండి.