ఆమవాతానికి ఆయుర్వేదం: ఏళ్ళ తరబడి వాడాక చెబుతున్నది

కీళ్ళు వాచి, తగ్గి, మళ్ళీ వాచేవాళ్ళకు నూనె మర్దనా చేయించుకోమని చెప్పేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. అరిగిన మోకాలికి మహానారాయణ తైలం హాయిగానే ఉంటుంది, మా అమ్మకు ఇప్పటికీ నేనే రాస్తాను. నాది మాత్రం ఆమవాతం. పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు అని తేలింది. ఆమం, అంటే సరిగా అరగక ఒంట్లో పేరుకుంటుందని ఆయుర్వేదం చెప్పే మలినం, ఉన్నన్నాళ్ళు నూనె వద్దు, పొడి కాపడమే పెట్టమని మా ఆయుర్వేద వైద్యురాలు మొదట్లోనే గట్టిగా చెప్పారు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ కాపడమే. జల్లించిన ఇసుకను మూకుట్లో వేయించి, మందపాటి నూలుగుడ్డలో మూటకడతాను. ముందు ముంజేతికి ఆనించి వేడి చూసుకుని, అప్పుడు వేళ్ళ కణుపుల మీద అద్దుతాను. పొద్దున్నే చెంబు కూడా పట్టలేని చెయ్యి కాసేపటికి జడ వేసుకునేంత సాగుతుంది. బిగుతు వదులుతుంది గానీ వాపు దానితో పోదు. కీలు ఎర్రబడి కాలిపోతున్న రోజున ఈ కాపడం కూడా పెట్టను.

శరీరమనే అడవిలో తిరిగే ఆమవాతమనే ఏనుగుకు ఆముదమే సింహమని పాత శ్లోకం. సింహనాద గుగ్గులు అనే ఆయుర్వేద మందులోనూ త్రిఫల, గంధకం, గుగ్గులుతో పాటు ఆముదం పడుతుంది. దాన్ని రాస్నాది కషాయంతో చాలాకాలం వేసుకున్నాను. మలబద్ధకం పోయింది, ఒళ్ళు తేలికపడింది. వాపు తిరగబెట్టడం మాత్రం ఆగలేదు. అది అదుపులోకి వచ్చింది అల్లోపతి డాక్టరు ఇచ్చిన, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మాత్రతోనే. ఈ జబ్బులో వాపును అలాగే వదిలేస్తే ఎముక దెబ్బతింటుంది. ఆయుర్వేదం వాడుతున్నారు కదా, ఆ మాత్ర మానేయండి అని ఎవరు చెప్పినా దయచేసి వినకండి.

తిప్పతీగ జోలికి నేను వెళ్ళను. అది వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. మెథోట్రెక్సేట్‌కూ కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాల్సిందే.

ఇక రెండు పూటల్లో నొప్పి మాయం చేస్తామని ఇచ్చే పేరులేని పొట్లాలు. వాటిలో స్టెరాయిడ్ కలిపే ప్రమాదం ఉంది. కొనేముందు డబ్బా మీద తయారీ లైసెన్సు, బ్యాచ్ నంబరు చూడండి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2008లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అందుకే నేను వేసుకునే ప్రతి మందూ ఒక కాగితం మీద రాసి, ఆయుర్వేద వైద్యురాలికీ, అల్లోపతి డాక్టరుకూ చూపిస్తాను.