ఇంతేనా అన్న షికాగో, కదలనివ్వని స్ప్రింగ్‌ఫీల్డ్

షికాగోలో లేక్ స్ట్రీట్, వాకర్ డ్రైవ్ కలిసే మూలన నిలబడి నాన్న అటూ ఇటూ చూసి, "ఇంతేనేమిటే?" అన్నారు. ఇంతే. 1860 మేలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష ఎన్నికకి లింకన్‌కి టికెట్ ఇచ్చిన విగ్వామ్ ఇక్కడే ఉండేది. పదివేల మంది పట్టే చెక్క హాలు. ఇప్పుడు గుర్తుగా ఓ ఫలకం, చుట్టూ ఆఫీసు భవనాలు, నెత్తి మీద రైలు చప్పుడు. దీనికోసమే ఊరు దాటి రాకండి. షికాగోలో ఉంటే మాత్రం పది నిమిషాలు ఆగొచ్చు.

కథ చెప్పేవాళ్లు పక్కనుంటే ఇంకో పావుగంట! టికెట్ గెలవాలంటే పార్టీ ప్రతినిధుల ఓట్లు 233 కావాలి. మొదటి రౌండులో న్యూయార్క్ నేత సీవర్డ్‌కి 173½, లింకన్‌కి 102. రెండోసారి 184½, 181. మూడోసారి లింకన్ 231½ దగ్గర ఆగాడు. ఒకటిన్నర ఓటు తక్కువ! అప్పుడు ఒహాయో వాళ్లు నాలుగు ఓట్లు ఇటు మార్చారు. లింకన్ మనుషులు దొంగ పాసులు అచ్చేయించి హాలు నింపారని కూడా అంటారు. "క్యాంపు రాజకీయాలు మనవే అనుకున్నా," అని నాన్న ఒకటే నవ్వు.

అక్కణ్ణుంచి లింకన్ ఉన్న ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆమ్‌ట్రాక్ రైల్లో సుమారు మూడున్నర గంటలు. కాళ్లు చాపుకునేంత చోటుంది, పెద్దవాళ్లకి కారు కన్నా సుఖం. మేం దిగిన మోటెల్ పేరు చెప్పను గానీ, రాత్రంతా ఏసీ మోత. నాన్నకి వేణ్ణీళ్లు కావాలంటే కిందికి దిగి అడగాల్సి వచ్చింది. డబ్బులు చూసుకోకుండా కాస్త మంచి హోటల్ తీసుకోవాల్సింది. పాత స్టేట్ క్యాపిటల్, అంటే ఒకప్పటి రాష్ట్ర శాసనసభ భవనం, కూడా చూశాం, బాగుంది. 1858లో సెనేట్ అభ్యర్థిగా లింకన్, బానిసత్వం మీద చీలిన దేశం నిలవదంటూ 'హౌస్ డివైడెడ్' ప్రసంగం చేసింది అందులోనే.

అసలు చూడాల్సింది లింకన్ ఇల్లు. ప్రవేశం ఉచితం, టికెట్ మాత్రం విజిటర్ సెంటర్లో తీసుకోవాలి. ఆ రోజుల్లో అభ్యర్థి తనే కన్వెన్షన్‌కి, అంటే టికెట్ తేల్చే పార్టీ సభకి, వెళ్లడం మర్యాద కాదు. అందుకే లింకన్ ఊళ్లోనే ఉండిపోయాడు. టికెట్ ఖాయమైన మర్నాడు, మే 19న, పార్టీ కమిటీ వాళ్లే రైలెక్కి వచ్చి ఈ ముందుగదిలో కబురు చెప్పారు. వచ్చినవాళ్లకి మందు పొయ్యలేదు, మంచినీళ్లిచ్చి పంపాడు. ఆ గది చూస్తే మా మేనత్తగారింటి హాలంత కూడా లేదు.

మెట్ల చేపట్టు అప్పటిదేనట, పట్టుకోవచ్చన్నారు రేంజర్. ఇంట్లో ఎప్పుడూ కమ్మీ పట్టుకోని మనిషి, నాన్న, దిగేటప్పుడు మెట్టుమెట్టుకీ ఆగుతూ పట్టుకునే దిగారు. వెనకవాళ్లు ఆగాల్సి వచ్చింది.